అమ్మన్నమ్మ తాగిన నీలం నీళ్లు

ఒడిశాలోని రాయగడలో నీళ్లు మోసి బతికిన ఆడవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, తెచ్చిన నీళ్లు ముందు తను తాగి ఆ తర్వాతే ఇంటివాళ్ల గంగాళంలో పోసిన మనిషి అమ్మన్నమ్మ ఒక్కతే. ఆ అలవాటు భక్తితో రాలేదు, బుద్ధితోనూ రాలేదు. అచ్చంగా కోపంతో వచ్చింది.

అప్పటికింకా ఇళ్లకి కుళాయిలు లేవు. బజారు వీధిలో టోకు వ్యాపారం చేసే తెలుగు షావుకార్లకి తాగేనీళ్లంటే కొండ కింది ఊటనీళ్లే. గునుపురం పక్క పల్లెలో, ఎప్పుడో సిక్కోలు నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఇంట పుట్టిన అమ్మన్నమ్మ, పెళ్లయి రాయగడ వచ్చాక ఆ నీళ్ల పనికి కుదిరింది. మొగుడు బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు, ఈవిడ బిందెలు మోసేది. "ఇద్దరి నెత్తిమీదా బరువే, ఇంక మాకు తగువులాడుకునే తీరిక ఏదీ?" అని నవ్వేది. అలాంటిది ఒక వానాకాలం ఊళ్లో కామెర్లు వచ్చాయి. కిరాణా టోకువాళ్ల పెద్ద షావుకారమ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"ఏమే, ఇవి ఊటనీళ్లేనా? ఏ గుంటలోంచి ముంచుకొచ్చేవో నాకేం తెలుసు?"

అంతదూరం నుంచి మోసుకొచ్చిన మనిషికి ఆ మాటతో ఒళ్లు మండదూ? అమ్మన్నమ్మ బిందె దించింది. దోసిట్లోకి వంచుకుని అక్కడే గటగటా తాగేసింది.

"సూసినారా షావుకారమ్మా? నానేటి సచ్చిపోనానా? పొయ్యమంతారా, ఒంపీమంతారా?"

షావుకారమ్మ పక్కకి తప్పుకుంది. మర్నాడు ఎవరూ అడగలేదు. అయినా అమ్మన్నమ్మ దోసిలి పట్టి తాగింది. ఆ మర్నాడూ తాగింది. కోపం ఎప్పుడో చల్లారిపోయింది గానీ దోసిలి మాత్రం నిలిచిపోయింది. ఆవిడ తాగి పోసిందంటే ఇక ఆ నీళ్లకి తిరుగులేదని బజారు వీధంతా నమ్మింది. "నీళ్లమ్మ" అని పేరు పెట్టింది. పసిపిల్లలకి పాలల్లో కలిపే నీళ్లయినా సరే, నీళ్లమ్మ తెచ్చినవైతే కాచకుండానే కలిపేవారు. అంతకంటే పెద్ద బిరుదు ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు, ఆవిడ అడగనూ లేదు.

తర్వాత కుళాయిలు వచ్చాయి. ఊట మీద ఇళ్లు లేచాయి. ఒకరోజు అలవాటుగా వెళ్లి చూస్తే ఊట ఉన్నచోట ఎవరిదో ప్రహరీ గోడ ఉంది. ఆ గోడ పక్కన కాసేపు చతికిలబడి, ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడ్చింది గానీ, ఆ రోజు మటుకు దార్లో ఒక్కతే ఏడ్చుకుంటూ నడిచింది. ఎవరికైనా చెప్తే నవ్వుతారు కదా మరి!

కూతురు విజయదుర్గని పెంచి పెళ్లి చేసింది. అల్లుడు సూరత్ మిల్లులకని పోయి, కొన్నాళ్లకి డబ్బూ, ఇంకొన్నాళ్లకి ఫోనూ మానేశాడు. విజయదుర్గ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. డొరగుడ ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటపనికి చేరింది. అక్కడ పగలూ రాత్రీ షిఫ్టులు, ఉండడానికి నలుగురితో కలిసి ఒక గది. అందుకని రెండో తరగతి చదివే కూతురు బుల్లిని తల్లి దగ్గర వదిలి, వారానికోసారి వచ్చి చూసి వెళ్లేది. వెళ్లేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట అనేది: "అమ్మా, నాకున్నది ఇదొక్కర్తే. నీ సేతిలో పెడతన్నాను." అమ్మన్నమ్మ "ఎల్లెల్లు, నిన్ను పెంచింది నానే" అని కసిరి పంపేసేది. కానీ ఆ మాట ఆవిడ లోపల దీపంలా వెలుగుతూనే ఉండేది.

ఇలా ఉండగా పెద్ద షావుకారమ్మ మనవడు పృథ్వి, ఊరి బయట కొండవైపు రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు కట్టాడు. పక్కనే స్విమ్మింగ్ పూలు. అది చుట్టుపక్కల కొత్త వింత. నాయనమ్మ చెప్పిన కబుర్లు గుర్తున్నాయేమో, ఒకరోజు స్వయంగా ఇంటికొచ్చి, "నీళ్లమ్మా, మళ్లీ నీళ్ల దగ్గరే పని. మోసేది లేదు. ఆకులు తియ్యాలి, గట్టు కడగాలి, వచ్చినవాళ్లకి తువ్వాళ్లివ్వాలి. చేస్తావా?" అన్నాడు. చెయ్యదా ఏమిటి!

మొదటిరోజు తెల్లవారుతుండగా ఆవిడ ఆ గేటు తీసుకుని లోపలికి వెళ్లింది. కొండ మీంచి మంచు దిగి గట్ల మీద పరుచుకుంటోంది. ఎక్కడా మనిషి అలికిడి లేదు. మంచు కొంచెం జరిగింది. కింద నీలం. ఆకాశంలో ఇంకా తెల్లవారలేదు గానీ అక్కడ నీళ్లలో తెల్లవారిపోయింది. అడుగున చీమ పాకినా కనబడేటంత తేట. అమ్మన్నమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలియదు.

"ఓలమ్మా, నువ్వేటి ఇక్కడున్నావు!" అంది చివరికి.

నీళ్లతోనే అంది. ఆవిడ మనసులో ఏమనిపించిందంటే, గోడ కింద మాయమైన ఊట ఎక్కడికీ పోలేదు. భూమి అడుగునే నడుచుకుంటూ, ఇళ్ల కిందా రోడ్ల కిందా తోవ వెతుక్కుంటూ, ఇన్నాళ్లకి ఇక్కడ తేలింది. అలిసిపోయి వెల్లకిలా పడుకుంది. ఒంటి మీద నీలం చీర కప్పుకుంది. ఇది పిచ్చి అని ఆవిడకీ తెలుసు. ట్యాంకరు గొట్టం పెట్టి నింపడం తర్వాత కళ్లారా చూసింది కూడా. చూస్తే మాత్రం? నిజం నిజమే, కల కలే, రెండూ ఒకే గట్టు మీద కూర్చోకూడదని ఎక్కడుంది?

వంగి దోసిలి పట్టింది. చిత్రం, దోసిట్లో నీలం లేదు. ఉత్త తెల్లటి నీళ్లు. వదిలితే మళ్లీ నీలం. మళ్లీ పట్టింది, మళ్లీ లేదు. చిన్నపిల్లలా నవ్వుకుంది. తర్వాత, చేతికి పాత సంగతి తనంతట తనే గుర్తొచ్చినట్టు, దోసిలి నోటి దగ్గరికి వెళ్లింది. గుక్కెడు తాగింది. నాలుక కొంచెం చురుక్కుమంది, మందు వాసన వేసింది. ఫర్వాలేదనుకుంది.

స్విమ్మింగ్ పూలు యంత్రమూ మందులూ చూసుకునే సోములు అప్పుడే వచ్చి అది చూశాడు. బొబ్బిలి వైపు కుర్రాడు, అందర్నీ వరసపెట్టి పిలుస్తాడు.

"ఓలత్తా, ఏటి తాగేస్తన్నావు! అవి ఈతకొట్టే నీళ్లు, తాగీవి కావు."

"ఏమి, ఎందుకు కావురా? అడుగు కనబడతంది గదా?"

"అడుగు కనబడితే అయిపోనాదా? అందులో మందుంటాది."

"ఏ మందు?"

"కిలోరీను. బ్లీచింగులాటిదే, గట్టిది."

అమ్మన్నమ్మ ముఖం విప్పారింది. ఇదిగో, అసలు చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఆ వైపు ఊళ్లలో బతికిన ఎవర్నడిగినా చెప్తారు: జబ్బుల కాలంలో ఆరోగ్యం వాళ్లు వస్తారు, బావిలో బ్లీచింగు కలుపుతారు, "ఇంక తాగండి, ఏం కాదు" అంటారు. బావి నీళ్లు బ్లీచింగు వాసన కొట్టాయంటే జనానికి ధైర్యం. అలాంటప్పుడు బావిలో చిటికెడు వేస్తేనే మంచినీళ్లయితే, ఇక్కడ రోజూ డబ్బాలకి డబ్బాలు గుమ్మరిస్తుంటే ఇవింకెంత మంచినీళ్లు! ఈ లెక్కలో తప్పెక్కడుందో ఆవిడకి ఎవరు చెప్పాలి? తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అని నమ్మిన మనిషికి, నీలంవి కూడా నీళ్లేగా!

"బావికంటే మంచివన్నమాట," అంది.

"కాదత్తా! అందులో పదిమంది ములుగుతారు, ఉమ్ముతారు, సిన్న గుంటలైతే అందులోనే..." సోములు చెప్పబోయి సిగ్గుపడి ఆగిపోయాడు. "మొత్తానికి తాగకు. ఆ నీలం కూడా నీళ్లది కాదు, కింద పలకలది."

"నీకు తెల్దులేరా. దోసిట్లోకి తీస్తే సిగ్గుపడి దాక్కుంటాది," అంది అమ్మన్నమ్మ.

సోములు నెత్తి కొట్టుకుని మందుల గదిలోకి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఆవిడ అతని కళ్లబడకుండా, మంచు ఉండగానే, ఒక్క దోసిలి తాగేది. ఆ తర్వాతే పిల్లల కోసం గేటు తీసేది. ఎవరూ ఆవిణ్ణి తాగమనలేదు, ఇప్పుడవి ఎవరి గంగాళంలోకీ పొయ్యక్కర్లేదు. కానీ తను తాగని నీళ్లలోకి పిల్లల్ని పంపడానికి ఆవిడకి మనసొప్పలేదు. నోట్లో పొక్కులు వస్తే, కిళ్లీలో సున్నం ఎక్కువైందనుకుంది.

ఇంతవరకు జరిగింది ఆవిడ సొంత వ్యవహారం. ఆవిడ ఒళ్లు, ఆవిడ నోరు, ఆవిడ పొక్కులు. అక్కడితో ఆగినా బాగుండేది.

వానలు పట్టాయి. వాళ్ల వీధి బోరింగులో నీళ్లు ఎర్రబడ్డాయి. కుండలో పోస్తే అడుగున తుప్పు. బుల్లి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం తిప్పేసింది.

"ఇనప వాసనేస్తంది అమ్మమ్మా, నాను తాగను."

బడికి కూడా ఖాళీ సీసాతోనే పోయి, దాహంతోనే తిరిగొచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బజారు వీధి పసిపిల్లలందరికీ నీళ్లు తాపిన మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క పిల్లకి గుక్కెడు మంచినీళ్లు తాపలేకపోతోంది. ఆ పూట అమ్మన్నమ్మకి అన్నం సయించలేదు.

మర్నాడు తెల్లవారుతూనే బుల్లి సీసా కొంగులో దాచుకుని తీసుకెళ్లింది. మంచులో వంగి, తను ముందు ఒక దోసిలి తాగింది. తర్వాత సీసా ముంచింది. బుడగలు గలగలమంటూ వచ్చాయి. సీసా నిండుతున్నంతసేపూ ఆవిడ ముఖంలో ఎంత సంబరమో! తన ఊట తన మనవరాలి చేతికి అందుతోంది మరి. బుల్లి తాగి, "కొంచెం మందు వాసనేస్తందే" అంది.

"అదే మంచి వాసన. జబ్బులు రానీదు," అంది అమ్మన్నమ్మ.

రోజూ సీసా నిండింది, రోజూ ఖాళీ అయింది. వారం తిరగలేదు. ఒక మధ్యాహ్నం బుల్లి కడుపు పట్టుకుని బడినుంచి వచ్చింది. వాంతులు, విరోచనాలు. సాయంత్రానికి కళ్లు గుంటలు పడ్డాయి, పిలిస్తే పలకడం లేదు. "మజ్జిగౌరమ్మ తల్లీ!" అని అమ్మన్నమ్మ ఊరి దేవతని కేక వేసి, పిల్లని భుజాన వేసుకుని ఆటో ఎక్కింది.

ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తూ నర్సు లక్ష్మిప్రియ, ఒడియా పిల్ల, వచ్చీరాని తెలుగులో అడిగింది: "మావుసీ, ఏ పాణి తాగింది?"

"మంచి పాణే అమ్మీ. నానే పట్టి ఇచ్చేను. స్విమ్మింగ్ పూలువి."

లక్ష్మిప్రియ చెయ్యి ఆగిపోయింది. వెళ్లి డాక్టరు భారతీదేవిని పిలుచుకొచ్చింది. ఆవిడ విజయనగరం మనిషి, నెమ్మదైన మనిషి. స్టూలు లాక్కుని అమ్మన్నమ్మ ఎదురుగా కూర్చుంది.

"చూడమ్మా, ఈతకొడుతుంటే గుక్కెడు నోట్లోకి పోయిందనుకో, సాధారణంగా ఏమీ కాదు. కానీ సీసాలకి పట్టి తాగించకూడదు. బావిలో వేసే మందు చాలా తక్కువ. అదీ వేసి కాసేపు ఆగి తాగమంటారు. పూలులో వేసేది అదొక్కటే కాదు, నాచు పట్టకుండా ఇంకేవేవో వేస్తారు. పైగా పదిమంది మునిగే నీళ్లు. చెమటా, ఉచ్చా, విరోచనాలయిన పిల్లల ఒంటిమీది మురికీ అన్నీ అందులోనే. ఆ మందుకి తొందరగా చావని క్రిములు కూడా ఉంటాయి. తేటగా ఉన్నంత మాత్రాన మంచినీళ్లు కావు. ఈ పిల్లకి ఇది అందువల్లే వచ్చిందని ఇప్పుడే చెప్పలేను. కాదని మాత్రం అనను."

అమ్మన్నమ్మ మంచం మీది పిల్ల వైపు తిరిగింది. "నాను ముందు తాగే ఇచ్చేను తల్లీ," అంది.

"నీది ముదిరిన ఒళ్లు, నువ్వు తాగింది దోసెడు. అది పసిపిల్ల, తాగింది సీసా," అంది డాక్టరు మెల్లగా. "కంగారుపడకు. నీరు ఎక్కుతోంది కదా, రేపటికి చూద్దాం."

అమ్మన్నమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుంది. సెలైను చుక్క చుక్కగా దిగుతోంది. చూస్తూ చూస్తూ కునికింది. కలలో తను నెత్తిన బిందెలతో కొండ దిగుతోంది. బజారు వీధి తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. ఒక్కో గుమ్మంలో ఒక్కో పసిపిల్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. వంచితే నీలం నీళ్లు పడుతున్నాయి. ఆగమంటే ఆగవు. గ్లాసులు నిండి, గుమ్మాలు నిండి, వీధంతా నీలమై, ఆ నీలంలో పిల్లలు చప్పుడు లేకుండా తేలిపోతున్నారు. "తాగకండర్రా!" అని అరవబోయింది. నోటినిండా నీళ్లే. ఉలిక్కిపడి లేచేసరికి ఎదురుగా విజయదుర్గ ఉంది. కబురు తెలిసి డొరగుడ నుంచి దొరికిన లారీ ఎక్కి వచ్చేసినట్టుంది, జుట్టంతా రేగిపోయింది.

నర్సు అప్పటికే చెప్పేసింది. విజయదుర్గ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఊరందరికీ మంచినీళ్లు పోసేవు. నా పిల్లకి మాత్రం ఇవి దొరికినాయా అమ్మా?"

"విజయా, నాను..."

"ఇంక నా పిల్లకి నీ సేతి నీళ్లు వొద్దు."

ఆ మాట విని అమ్మన్నమ్మ తలెత్తలేదు. తిట్టి ఉంటే తిట్టేది, కొట్టి ఉంటే ఏడ్చేది. ఈ మాటకి మాత్రం మెల్లగా లేచి, మంచానికి దూరంగా, గోడ వారకి వెళ్లి కూర్చుంది.

బుల్లి మర్నాటికి కళ్లు తెరిచింది. రెండు రోజులకి అన్నం అడిగింది. ఆ గండం గడిచింది. ఇక మిగిలింది రెండో గండం: విజయదుర్గ బుల్లిని డొరగుడ తీసుకుపోతానంది. "ఆ ఒక్క గదిలో, షిఫ్టు వేళ పిల్లనెవరు సూస్తారే?" అని అమ్మన్నమ్మ అడగలేదు. అడిగే మొహం లేదు. పృథ్వి మాత్రం ఇంటికొచ్చి, ఇందులో నీ తప్పేముంది నీళ్లమ్మా, గట్టు మీద ఒక బోర్డు పెట్టించాల్సింది నేనే అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మర్నాడు ఈతకొచ్చిన తల్లులందర్నీ గేటు దగ్గరే ఆపి, ఒక్కొక్కరికీ చెప్పింది: "ఇవి తాగీ నీళ్లు కావమ్మా. నాను తాగించేను, మా గుంట ఆసుపత్రిలో పడింది. మీ గుంటల్ని నోరు మూసుకుని ఈతకొట్టమనండి." కొందరు జాలిపడ్డారు, కొందరు నోరు నొక్కుకున్నారు. ఆవిడ ఎవరివైపూ చూడలేదు, నీళ్లవైపు కూడా చూడలేదు.

ఇంట్లో నీళ్లకుండ దగ్గరికి వెళ్లడం మానేసింది. బుల్లి "అమ్మమ్మా, దాహం" అంటే, "విజయా, గుంటకి దాహమట" అని వీధిలోకి వెళ్లిపోయేది. విజయదుర్గ నీళ్లు కాచి, చల్లార్చి, వడగట్టి, తనే తాపేది. ఇదంతా సబబే అనుకుంది. పిల్ల ప్రాణం మీదికి వచ్చాక ఎవరైనా అలాగే అనుకుంటారు.

ప్రయాణం రోజు పొద్దున్న, బుల్లిని చూడ్డానికి పక్కింటి ముసలాయన అప్పలనరసింహం వచ్చాడు. బజారు నుంచి ఎండలో నడిచొచ్చాడేమో, అరుగు మీద కూలబడి, "అమ్మన్నమ్మా, ఒక గలాసుడు నీళ్లియ్యమ్మా," అన్నాడు.

ఆ ఇంటికి ఎవరొచ్చినా మాటకంటే ముందు మంచినీళ్లు వస్తాయి. అప్పులవాడొచ్చినా అంతే, కూరలవాడొచ్చినా అంతే. విజయదుర్గకి ఊహ తెలిసినప్పట్నుంచీ అదే చూసింది. సంచి సర్దుతూ, అమ్మ లేస్తుందనే అనుకుంది.

అమ్మన్నమ్మ కదల్లేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"కుండ అక్కడుంది బావా. నువ్వే ముంచుకో," అంది.

అప్పలనరసింహం తెల్లబోయాడు. మెల్లగా లేచి తనే ముంచుకుని తాగాడు. బుల్లి తల నిమిరి, కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. విజయదుర్గ చేతిలో పిల్ల గౌను అలాగే ఉండిపోయింది. అమ్మ వైపు చూసింది. ఆ కొంగులో దాక్కున్న చేతుల వైపు చూసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ చేతులే తల కింద పెట్టి, చెంచాతో ఒక్కొక్క చుక్కా పోసేవి. తనేం మాట అందో ఇప్పుడు తనకి వినబడింది.

బస్సు వేళవుతోంది. విజయదుర్గ సంచి పక్కకి నెట్టింది. వచ్చి తల్లికి ఎదురుగా, నేలమీద చతికిలబడింది.

"అమ్మా, దాహమేస్తంది."

అమ్మన్నమ్మ ఉలిక్కిపడి వీధి వైపు చూసింది, పిలవడానికి ఎవరైనా ఉన్నారా అని. ఎవరూ లేరు.

"కుండ..." అంది.

"కుండ ఎక్కడుందో నాకు తెల్దేటి? నువ్వు ఇయ్యి."

అమ్మన్నమ్మ లేచింది. కుండ మూత తియ్యడానికి చాలాసేపు పట్టింది. గ్లాసు తెస్తుంటే సగం దారిలోనే ఒలికిపోయింది. విజయదుర్గ అందుకుని, ఏ నీళ్లని అడగలేదు, గ్లాసులోకి చూడలేదు. అమ్మ కళ్లలోకి చూస్తూ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు మళ్లీ చాపింది.

"దాహం తీర్లేదమ్మా. ఇంకొంచెం పొయ్యి. బుల్లికీ పొయ్యి."